ఉల్లిపొర మీద కుట్టు
(రొద్దంలో చేసిన స్మారక ఉపన్యాసం)

 

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాస నిధి పెట్టారో ఆమె పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం ఆ పేరు పలకను. ఇరవై రెండేళ్లు ఆమెను నేను "సిస్టర్" అన్నాను, ఆమె నన్ను "మేడం" అంది. ఇప్పుడు మైకు ముందు నిలబడి పేరు పెట్టి మాట్లాడితే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది. డాక్టర్ల పేరు మీద స్మారకోపన్యాసాలు చాలా విన్నాను, కొన్ని చేశాను కూడా. ఆపరేషన్ థియేటర్ సిస్టర్ పేరు మీద ఇదే మొదటిసారి. ఆలస్యమైంది, అయినా సంతోషం.

థియేటర్ సిస్టర్ పనేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. కత్తెర అందించడం అందరికీ తెలుసు. కడుపు మూసేముందు మాపులు, అంటే రక్తం తుడిచే గుడ్డలు, లెక్కపెట్టడం ఆమె పని. లెక్క కుదరకపోతే సర్జన్ ఎంత పెద్దవారైనా చెయ్యి ఆపాల్సిందే. మా చిన్న ఆస్పత్రిలో గ్లౌజులు ఒకసారి వాడి పారేసే రోజులు కావు. కడిగి, తాడు మీద ఆరేసి, పౌడరు కొట్టి, జతలు జతలుగా మడిచి ఆటోక్లేవ్‌లో పెట్టేది. మధ్యాహ్నానికి ఆమె మోచేతుల దాకా తెల్లగా ఉండేది. కానీ నేను ఆ గ్లౌజులు తొడుక్కుని కడుపులో చెయ్యి పెట్టబోతే ఒప్పుకునేది కాదు. సెలైన్ గిన్నె ముందుకు జరిపి, "కడుక్కోండి మేడం" అనేది. ఎవరు నేర్పారో తెలియదు. ఆ పౌడరు కడుపులో పడితే పేగులు అతుక్కుంటాయన్నది నిజమే. అమెరికా ఔషధ సంస్థ పౌడరు గ్లౌజులను నిషేధించింది 2017 జనవరిలో. మా సిస్టర్ అంతకు ముప్పై ఏళ్ల ముందే గిన్నె జరిపింది.

ఇవాళ నా విషయం ఆమె వేసిన ఒక ప్రశ్న.

1990ల చివర. బెంగళూరులో ఒక సదస్సుకు వెళ్లి వచ్చాను. తర్వాతి సోమవారం ఒక సిజేరియన్ చేస్తూ, గర్భసంచి కుట్టేశాక, పైన పొర కుట్టకుండానే షీత్‌కు దారం అడిగాను. ఆమె చేతిలో ఇంకో దారం సిద్ధంగా ఉంది. ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. మాస్కు పైనుంచి చూస్తూ అంది:

"ఏం మేడం, తలుపు తీసినోళ్లు మూసి పోవల్ల గదా?"

మత్తు డాక్టరు నవ్వాడు. నేను జవాబు చెప్పాను గానీ, సదస్సులో విన్నది అప్పజెప్పానంతే. ఆ ప్రశ్నకు సగమైనా జవాబు తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

కడుపు ఎలా తెరుస్తామో చెబుతాను, భయపడకండి. ముందు చర్మం. దాని కింద కొవ్వు. ఆ కింద తెల్లగా మెరిసే గట్టి పొర, రెక్టస్ షీత్. కడుపు బలమంతా దానిదే, రేపు హెర్నియా రాకుండా ఆపేది అదే. తర్వాత రెండు పక్కలా కండ. దాన్ని వేళ్లతో పక్కకు తప్పిస్తే కనపడుతుంది పెరిటోనియం. ఉల్లిగడ్డ ఒలిచేటప్పుడు రెండు పొరల మధ్య ఒక తడి తెర వస్తుంది చూడండి, వేలికి అంటుకుని దులిపినా పోదు. అంత పల్చన. రెండు ఆర్టరీ ఫోర్సెప్స్‌తో దాన్ని గుడారంలా పైకెత్తి, వేళ్ల మధ్య నలిపి, పేగు చిక్కుకోలేదని తేల్చుకున్నాకే గాటు పెడతాం. గాలి లోపలికి పోగానే పేగులు వెనక్కు జారుతాయి. ముప్పై ఏళ్లు చూసినా నాకు ఆ క్షణం పాతబడలేదు.

ఈ పొర కడుపు గోడకు లోపలి అస్తరు. అక్కడితో ఆగకుండా మడతలు పడి పేగుల మీదికి, మూత్రాశయం మీదికి, గర్భసంచి మీదికి పాకుతుంది. మొత్తం విప్పి పరిస్తే ఒంటి మీది చర్మమంత అవుతుంది. గోడకున్నదాన్ని గోడ పొర అందాం, అవయవాలకున్నదాన్ని లోపలి పొర అందాం. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

మా ముందు తరం రెండిటినీ కుట్టేది. మాకూ అదే నేర్పారు. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ గారి ప్రసూతి పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగిన తరం మాది. తెరిచిన వరసలోనే తిరిగి మూయాలి, పచ్చి అంచు ఎక్కడా బయటకు కనపడకూడదు, కనపడితే పేగు వచ్చి అతుక్కుంటుంది అనేవారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ధర్మవరం మగ్గాల దగ్గర అచ్చు అయిపోతే పాత పోగు చివర కొత్త పోగు అతుకుతారు. ఒక్కో పోగూ దాని జతను వెతుక్కుని కలవాలి. కుట్టు అంటే మా సర్జన్ల మనసులో ఉన్న బొమ్మ అదే.

ఆ బొమ్మ చర్మానికి సరిపోతుంది. చర్మం అంచుల నుంచి మానుతుంది, గాయం పెద్దదైతే ఎక్కువ రోజులు పడుతుంది. పెరిటోనియం అలా మానదు. తొలకరి పడ్డాక చేను చూడండి. గడ్డి గెనిమ మీద మొదలై మెల్లగా నడిమికి పాకదు, చేనంతా ఒకేసారి పచ్చబడుతుంది. ఈ పొర తీరూ అంతే. అణా అంత చిల్లయినా అరచెయ్యంత చిల్లయినా ఇంచుమించు ఒకే గడువులో, వారం అటూ ఇటుగా, కొత్త కణాలు కప్పేస్తాయి. ఇంగ్లండు సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ 1962లోనే దీని మీద రాశారు. ఎలుకల కడుపులో పొర ముక్కలు తీసి కొన్నిటిని వదిలేశారు, కొన్నిటిని కుట్టారు. వదిలేసినవి నున్నగా మానాయి. అతుకులు ఎక్కువగా కనపడ్డది కుట్టిన చోట.

ఎందుకలా? గాయమైన కాసేపటికే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. పక్కనున్న పేగు దానికి అంటుకుంటుంది. అది అందరికీ జరిగేదే. ఆరోగ్యంగా ఉన్న పొర ఆ జిగురును రెండు మూడు రోజుల్లో తనే కరిగించుకుంటుంది. బిగుతు కుట్టు వేసి రక్తం అందకుండా చేస్తే ఆ కరిగించే శక్తి పోతుంది. జిగురు నిలిచిపోతుంది, అందులోకి కణాలొచ్చి నార అల్లుతాయి, నారలోకి రక్తనాళాలు పోతాయి. ఇక అది విడిపోదు. మన ఆడవాళ్లు "లోపల అంటుకుపోయిందంట" అనేది దీన్నే.

ఈ ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన విమాన శాస్త్రవేత్త, 2020 డిసెంబరులో పోయిన రొద్దం నరసింహ గారు, విమానం రెక్కను ఆనుకుని ఉండే పల్చటి గాలి పొర మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. పల్చటి పొరను తేలిగ్గా తీసుకోకూడదని రొద్దంలో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాట? 1988లో కెనడాలో తులండి బృందం స్త్రీల ఆపరేషన్ల తర్వాత మళ్లీ ల్యాపరోస్కోప్ పెట్టి చూసింది. పొర కుట్టినందువల్ల మేలేమీ కనపడలేదు. జెరూసలేంలో మైకేల్ స్టార్క్, గర్భసంచి తీసే ఆపరేషన్‌కు జోయెల్ కోహెన్ చెప్పిన కోతను సిజేరియన్‌కు తెచ్చి, పెరిటోనియం కుట్టడం మానేశాడు. ఆ పద్ధతే ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ వాళ్ల నైస్ సంస్థ 2004లో రెండు పొరలూ కుట్టొద్దని మార్గదర్శకంలోనే రాసింది.

ఇక్కడితో అయిపోయిందనుకుని కొన్నాళ్లు నేనూ ధీమాగా తిరిగాను. అయితే 2005లో అమెరికాలో డీర్డ్రీ లైయల్ బృందం రెండోసారి సిజేరియన్‌కు వచ్చినవాళ్ల కడుపులు చూసి లెక్క తీసింది. మొదటిసారి గోడ పొర మూసినవాళ్లలో 52 శాతానికి అతుకులుంటే, మూయనివాళ్లలో 73 శాతానికి ఉన్నాయి. ఆ రోజు చదివి, కాసేపు కుర్చీలోంచి లేవలేదు. చీట్లు తీసి ఎవరికి కుట్టాలో తేల్చిన పరీక్ష కాదది, సర్జన్లు తమకు తోచినట్టు చేసినదాన్ని తర్వాత చూసిన లెక్క. కాబట్టి తీర్పు కాదు. కానీ కొట్టిపారేసేదీ కాదు.

అందుకే పెద్ద పరీక్ష కావలసి వచ్చింది. కొరోనిస్ అని పేరు. మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో 15,935 మంది సిజేరియన్ తల్లులు అందులో ఉన్నారు. సిజేరియన్‌లోని అయిదు పద్ధతులను చీటీల మీద పోల్చారు, పొర మూయడం మూయకపోవడం అందులో ఒకటి. 2013లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. చావులు, ఇన్ఫెక్షన్లు, రక్తం ఎక్కించడం, మళ్లీ ఆపరేషన్ చేయడం, వేటిలోనూ ఆరు వారాల వరకు చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడేళ్ల తర్వాత 13,153 మందిని మళ్లీ కలిశారు. 2016లో అచ్చైంది. అప్పుడూ తేడా లేదు. 2014 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది కూడా ఇంచుమించు ఇదే. రెండు పొరలూ వదిలేస్తే ఆపరేషన్ అయిదారు నిమిషాలు తగ్గుతుంది, అతుకుల సంగతి మాత్రం గట్టిగా చెప్పడానికి రుజువు చాలదు.

నా అభిప్రాయం అడిగితే చెబుతాను. లోపలి పొర మీద వాదం ముగిసింది, కుట్టక్కర్లేదు. గర్భసంచి తీశాక అడుగున పొర లాగి కుట్టడం అయితే ప్రమాదం కూడా. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం ఆ పొర వెనకనే అంటుకుని పోతుంది. చూడకుండా సూది వేస్తే అది మెలిక పడుతుంది. గోడ పొర మీద మాత్రం నిజాయితీగా ఇద్దరు వేరు వేరుగా అనుకోవచ్చు. చివరి పదేళ్లు నేను మూయలేదు. నా దగ్గర పని నేర్చుకుని నాతోనే ఉండిపోయిన అమ్మాయి మూసేది. ఒకే థియేటర్, ఒకే బల్ల. సిస్టర్ ఆమెకు మూడు దారాలు, నాకు రెండు దారాలు తీసిపెట్టేది. ఎవరినీ ఏమీ అనేది కాదు. బహుశా లోలోపల నవ్వుకునేది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

2006లో, వానాకాలం, ఒక రాత్రి. ఇటువైపు పల్లె నుంచే ఒక తల్లిని ఆటోలో తెచ్చారు. రెండో కాన్పు, పాత కుట్టు దగ్గర నొప్పి, ఆగే సమయం లేదు. పాత కోత మీదే తెరిచాను. షీత్ దాటగానే అర్థమైంది. ఉల్లిపొర ఉండాల్సిన చోట ఉల్లిపొర లేదు. కొవ్వు తెర కడుపు గోడకు అతుక్కుని ఉంది. పొట్టేలు కోసినప్పుడు పేగుల మీద వల లాంటి కొవ్వు చూసి ఉంటారు, అదే. దాన్ని విడదీసి కిందికి పోతే మూత్రాశయం దాని చోట లేదు, పైకి లాగుకుపోయి గర్భసంచికి అతికి ఉంది. బిడ్డ బయటికి రావడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. ఏడ్చాడు, బతికాడు. మూత్రాశయానికి మాత్రం నా చేతిలో చిన్న చిల్లు పడింది. అప్పుడే కుట్టాను. పది రోజులు గొట్టంతో ఉండి ఆమె బాగానే ఇంటికెళ్లింది.

తెల్లారి టీ తాగుతూ, మొదటిసారి ఎవరు చేశారో, పొర మూశారో లేదో చూద్దామని పాత కేస్‌షీట్ తెప్పించాను. చేసింది నేనే. అయిదేళ్ల కిందట, అదే ఆస్పత్రిలో. ఆపరేషన్ నోట్ నా చేతిరాతే. చివరి వాక్యం: "అబ్డామెన్ క్లోజ్డ్ ఇన్ లేయర్స్."

పొరలు పొరలుగా మూశామని అర్థం. నేను మూయలేదు. అప్పటికే మానేసి రెండేళ్లయింది. చదువుకున్న రోజుల నుంచి చెయ్యి అలవాటుగా రాసే వాక్యం, ఆ రోజూ రాసేసింది. మా వృత్తిలో ఇది ఎంత మామూలంటే, ఇప్పుడు కూడా ఏ ఆస్పత్రి కేస్‌షీట్ల కట్ట విప్పినా ఈ వాక్యమే వరసగా కనపడుతుంది. మూసిన కడుపుకీ అదే, మూయని కడుపుకీ అదే.

సిస్టర్ లోపలికెళ్లి ఒక పొడుగాటి రిజిస్టర్ తెచ్చింది. అది దారాల లెక్క. ఏ రోజు ఏ కేసుకు ఎన్ని వైక్రిల్, ఎన్ని క్యాట్‌గట్ విప్పారో, స్టోరు వాళ్లకు అప్పజెప్పడానికి రాసుకునేది. వేలు పెట్టి పేజీ వెతికి చూపించింది. "రెండే మేడం. మూయలేదు."

ఆమె రాసింది నిజం. నేను రాసింది కాదు.

మూయనందుకే అతుక్కుందా అని అప్పుడే ఆమెను అడిగాను, అంటే నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఆమె ఇంకో నాలుగు పేజీలు తిప్పింది. మూడు దారాలు పట్టిన ఒకామె రెండో కాన్పుకు వచ్చినప్పుడు కడుపు శుభ్రంగా ఉంది, అది నాకూ గుర్తే. రెండు దారాలామె ఇంకొకరు, ఆమెకూ శుభ్రమే. మూడు దారాలు పట్టినా పేగు అతికినామె ఒకరు. ఒక్క కడుపు చూసి తీర్పు చెప్పకూడదని ఏ పత్రికా నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

ఈ సిజేరియన్ పరీక్షలు ఒక కాన్పు నుంచి ఇంకో కాన్పు దాకా చూస్తాయి. మన ఆడవాళ్ల కడుపు కథ అక్కడితో ఆగదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 63 శాతం. తెలంగాణలో 60.7. దేశం మొత్తం మీద 21.5. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆ తర్వాత మూడోది, గర్భసంచి తీసే ఆపరేషన్. 2015-16 సర్వే నాటికి మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 8.9 శాతానికి గర్భసంచి లేదు. దేశం సగటు 3.2. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది మన అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లోనే. ఎందరి ప్రాణాలో నిలబెట్టిన పథకం అది. కానీ గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, చివరికి ప్రభుత్వమే ప్రైవేటు ఆస్పత్రులకు కట్టడి పెట్టాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది.

అంటే ఒకే పొరను ఇరవై రెండేళ్లకు ఒకరు, ఇరవై అయిదుకు ఒకరు, ముప్పై అయిదుకు ఇంకొకరు తెరుస్తున్నారు. ఒకసారి హిందూపురం, ఒకసారి ధర్మవరం, ఒకసారి బెంగళూరు. మూడో సర్జన్‌కు మొదటి సర్జన్ ఏం చేశాడో తెలియదు. కుట్టాలా వద్దా అని మేము సదస్సుల్లో కొట్టుకుంటాం గానీ, మూడోసారి తెరవాల్సి రాకుండా చూడడం మీద అంత కొట్టుకోము. నెలసరి క్రమం తప్పితేనో, తెల్లబట్ట అయితేనో, నడుం నొప్పి అంటేనో "తీసేస్తే పోతుంది" అనే డాక్టర్లున్నారు. "తీసేయండి మేడం, పని ఒడుస్తుంది" అనే ఆడవాళ్లూ ఉన్నారు. మనసులో మాట చెప్పాలంటే, ఆ రెండో మాటకు నేను లొంగిన సందర్భాలున్నాయి.

2006 తర్వాత నేను ఆ వాక్యం రాయడం మానేశాను. "లోపలి పొర కుట్టలేదు. గోడ పొర కుట్టలేదు. షీత్‌కు ఒక నంబరు వైక్రిల్. అతుకులు లేవు. మూత్రాశయం దాని చోటే ఉంది." అయిదు వాక్యాలు. ఒక నిమిషం కూడా పట్టదు. పొర మూయకపోవడం వల్ల మిగిలిన అయిదారు నిమిషాల్లో ఒకటి దీనికి ఇవ్వలేమా? మొదటి వారం సిస్టర్ నా వెనక నిలబడి చదివింది. ఆ తర్వాత చూడడం మానేసింది.

ఇక్కడ కూర్చున్న పీజీ డాక్టర్లకు, హౌస్ సర్జన్లకు ఒక్క మాట. గోడ పొరను కుట్టండి, మానండి, మీ ఇష్టం. రెండిటికీ ఆధారముంది. "క్లోజ్డ్ ఇన్ లేయర్స్" అని మాత్రం రాయకండి. ఏ పొర మూశారో, ఏది వదిలేశారో పేరు పెట్టి రాయండి.

అమ్మలకు, అక్కలకు, ఏఎన్ఎం చెల్లెళ్లకు ఇంకొకటి. డిశ్చార్జి రోజు బిల్లు రశీదు జాగ్రత్తగా పెట్టుకుంటారు, లోపల ఏం చేశారో రాసిన కాగితం అక్కడే వదిలేస్తారు. అడిగి తీసుకోండి. అది మీ హక్కు. ఒక జిరాక్సు తీయించి పాలిథిన్ కవర్లో పెట్టి, రేషన్ కార్డు పెట్టే చోటే పెట్టండి. మళ్లీ ఎక్కడ ఆపరేషన్ అన్నా, బల్ల ఎక్కకముందు దాన్ని డాక్టరు చేతికివ్వండి.

సిస్టర్ దారాల రిజిస్టర్లు మొత్తం ఏడు. వాళ్లమ్మాయి నా దగ్గరకు తెచ్చిచ్చింది. అందులో తల్లుల పేర్లున్నాయి కాబట్టి ఇవాళ ఇక్కడికి తేలేదు. ఆ ఆస్పత్రిలో చేయించుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, సభ అయ్యాక మీ పేరు, ఆపరేషన్ అయిన సంవత్సరం నాకు చెప్పండి. ఎన్ని దారాలో చూసి రాసిస్తాను.